‘హజిమె నో ఇప్పో’ మొదటి సీజన్: మెచ్చుకోవలసినవి, మెచ్చుకోకూడనివి



సెలవులైపోయి హాస్టల్‌కి రాగానే ప్రతిసారీ ఏదో ఒక కొత్త జబ్బు మనకి పట్టుకుంటుంది. ఈసారి పట్టింది ఫైటింగ్ జబ్బు. ఇంటి దగ్గర అన్నయ్యల ఫోన్లలో జపాన్ బొమ్మల సీరియళ్లు చూసొచ్చాం. స్టడీ అవర్ అయిందంటే చాలు, వరండాలో పిడికిళ్లు బిగిస్తున్నాం. ఆరో తరగతి తమ్ముళ్లను ఎదురుగా నిలబెట్టి "గార్డ్ పెట్టురా" అంటున్నాం. పోయిన నెలలో ఒక తమ్ముడి మణికట్టు వాచింది. వార్డెన్ సార్ అడిగితే "జారి పడ్డాను సార్" అన్నాడు. వాడు జారి పడలేదని మనందరికీ తెలుసు.

అందుకే ఈ వ్యాసం. సీరియళ్లు చూడొద్దని చెప్పడానికి నేను రాయడం లేదు. నేనూ చూస్తాను. కానీ బియ్యంలో రాళ్లు ఏరుకున్నట్టు, చూసినదాంట్లో ఏది ఉంచుకోవాలి, ఏది పారెయ్యాలి అని ఒకసారి ఆలోచిద్దాం. మొదటినుంచి చివరిదాకా పూర్తిగా చూసిన ఒక్క సీరియల్‌నే తీసుకుని చెబుతాను.

అసలు ఇది ఏమిటి?

దీని పేరు ‘హజిమె నో ఇప్పో’. జపాన్ భాషలో ‘మొదటి అడుగు’ అని అర్థం. ఇప్పో అంటే మన ఇప్పచెట్టు కాదు, ‘ఒక అడుగు’. కథానాయకుడి పేరు కూడా ఇప్పోనే. అందుకని ఆ పేరుకి రెండు విధాలా అర్థం కుదిరింది.

మొరికావా జోజి అనే ఆయన 1989లో ఒక జపాన్ వారపత్రికలో దీన్ని బొమ్మల కథగా మొదలుపెట్టాడు. అది ఏళ్ల తరబడి సాగి వంద సంపుటాలు దాటింది. ఆయన ఊరికే ఊహించి రాసినవాడు కాదు. బాక్సింగ్ అంటే ప్రాణం, సొంతంగా బాక్సింగ్ జిమ్ కూడా పెట్టుకున్న మనిషి. ఆ కథను మ్యాడ్‌హౌస్ అనే స్టూడియో సీరియల్‌గా తీసింది. దర్శకుడు నిషిమురా సతోషి. మొదటి సీజన్ 2000 అక్టోబరు నుంచి 2002 మార్చి వరకు జపాన్ టీవీలో వచ్చింది. మొత్తం 75 ఎపిసోడ్లు, ఒక్కొక్కటి సుమారు 23 నిమిషాలు. తర్వాత ఇంకో రెండు సీజన్లు కూడా వచ్చాయి గానీ నేను ఈ మొదటిదాని గురించే చెబుతాను.

కథ క్లుప్తంగా: ఇప్పో హైస్కూల్ పిల్లాడు. తండ్రి సముద్రంలో చనిపోయాడు. తల్లి చేపలు పట్టేవాళ్లకి పడవ నడిపించి ఇల్లు గడుపుతుంది. పొద్దున లేచింది మొదలు ఇప్పో ఆమెకి సాయం చేస్తాడు. అందుకని వాడికి స్నేహితులు లేరు. వాడి ఒంటికి ఎర పురుగుల వాసన వస్తోందని ఉమెజావా అనే కుర్రాడు, వాడి జట్టు కలిసి రోజూ ఏడిపిస్తారు, కొడతారు. ఒకరోజు తకమురా అనే బాక్సర్ అడ్డుపడి కాపాడతాడు. అప్పుడు ఇప్పో అతన్ని ఒక ప్రశ్న అడుగుతాడు: బలంగా ఉండటం అంటే ఏమిటి? ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ వాడు కమొగావా అనే ముసలి కోచ్ జిమ్‌లో చేరతాడు. ఫెదర్‌వెయిట్ అంటే 57 కిలోల పైచిలుకు తరగతిలో ఆడతాడు. చివరికి జపాన్ ఛాంపియన్ అవుతాడు. ఇదీ కథ.

మెచ్చుకోవలసినవి

1) బలం ఊరికే రాదు అని చూపించారు

చాలా ఫైటింగ్ సీరియళ్లలో హీరోకి కోపం రాగానే ఒంట్లోంచి వెలుగు వస్తుంది, జుట్టు లేచి నిలబడుతుంది, శత్రువు ఎగిరి పడతాడు. ఇందులో అలాంటిది లేదు. ఇప్పోకి గుద్దులో బలం ఎక్కడినుంచి వచ్చింది? ఊగే పడవ మీద ఏళ్ల తరబడి నిలబడి బరువులు మోశాడు. అందుకని కాళ్లు, నడుము గట్టిపడ్డాయి. గుద్దు చేతిలోంచి రాదు. పాదంలో పుట్టి, నడుము తిరిగి, భుజం మీదుగా పిడికిలికి వస్తుంది. గొడ్డలితో కట్టె కొట్టినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఒక్క చేతులతో కొడితే గొడ్డలి దుంగలో దిగదు, నడుం వంచి కొట్టాలి.

నాకు బాగా నచ్చిన విషయం ఇదే. ఏ పనిని చూసి స్కూల్లో వాడిని వెక్కిరించారో, ఆ పనే వాడికి బలం అయింది. మనలో ఎంతమందిమి ఇంటి దగ్గర ఇప్పపువ్వు ఏరతామని, పోడు పనికి వెళ్తామని బయటి పిల్లల ముందు చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాం? ఆ పన్లు చేసిన ఒళ్లు, ఆ ఓపిక మన సొత్తు.

2) నేర్చుకోవడం ఎలాగో మెట్టు మెట్టుగా చెప్పారు

మొదట తకమురా ఒక పరీక్ష పెడతాడు. చెట్టునుంచి రాలే ఆకుల్ని ఒక చేత్తో పది పట్టుకోవాలి. గడువు వారం. ఇది విని నాకు నవ్వొచ్చింది. తర్వాత మన గ్రౌండులో వేపచెట్టు కింద ప్రయత్నించాను. మూడు దాటలేదు. ఆకు పట్టుకోవాలంటే చెయ్యి ఎంత వేగంగా వెళ్లాలో అంత వేగంగా వెనక్కి రావాలి. ‘జాబ్’ అనే చిన్న గుద్దుకి మూలసూత్రం కూడా అదే. చెయ్యి ముందుకెళ్లి అక్కడే ఉండిపోతే ముఖానికి కాపలా ఉండదు.

అలాగే మియాటా అనే కుర్రాడితో మొదటిసారి తలపడితే ఇప్పో ఓడిపోతాడు. మూడు నెలలు సాధన చేసి మళ్లీ తలపడతాడు. అప్పుడు వాడి అప్పర్‌కట్ మియాటా గడ్డాన్ని అలా రాసుకుంటూ పోతుంది, అంతే. అయినా మియాటా కాళ్లు నిలవవు. ఎందుకు? గడ్డం చివర దెబ్బ తగిలితే తల ఒక్కసారిగా తిరుగుతుంది, పుర్రెలో మెదడు కదిలిపోతుంది, కాళ్లు మాట వినవు. ఇదంతా శాస్త్రం. సైన్సు సార్ చెప్పిన తులాదండం పాఠం నాకు అక్కడ బాగా అర్థమైంది.

3) నిజమైన బాక్సింగ్ చరిత్ర ఉంది

ఇప్పో రెండు పిడికిళ్లూ చెంపలకి ఆనించి, వంగి, ఎదుటివాడి దగ్గరికి దూసుకుపోతాడు. ఈ పద్ధతిని పీకబూ అంటారు. అమెరికాలో కస్ డమాటో అనే కోచ్ దీన్ని తీర్చిదిద్దాడు. ఆయన శిష్యుడే మైక్ టైసన్. 1986లో 20 ఏళ్ల వయసుకే హెవీవెయిట్ ఛాంపియన్ అయినవాడు. సీజన్ చివర్లో ఇప్పో ‘డెంప్సీ రోల్’ నేర్చుకుంటాడు. ఒంటిని 8 అంకె ఆకారంలో ఊపుతూ, ఆ ఊపుతోనే రెండు వైపులా గుద్దడం. ఇది 1919 నుంచి 1926 వరకు ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్‌గా ఉన్న జాక్ డెంప్సీ పేరు మీద వచ్చింది. దీనికీ ఒక లోపం ఉంది. ఒకే లయలో ఊగితే ఎదుటివాడు ఆ లయ పట్టేసి ఎదురుదెబ్బ వేస్తాడు. డప్పు దెబ్బ తెలిసినవాడు అడుగు ముందే వేసినట్టు!

4) ఎదుటివాడు కూడా మనిషే

ఈ సీజన్‌లో విలన్ అంటూ లేడని చెప్పవచ్చు. మాషిబా మొదట క్రూరుడిలా కనిపిస్తాడు. కానీ అమ్మానాన్న లేని చెల్లెల్ని పెంచుకొస్తున్న అన్న వాడు. ఒసాకానుంచి వచ్చిన సెండో తన అవ్వతో ఉంటాడు, ఆమె మిఠాయి కొట్టు నడుపుతుంది. రష్యానుంచి వచ్చిన వోల్గ్‌కి ఇంటి దగ్గర జబ్బుపడ్డ తల్లి ఉంది. మియాటా తండ్రి కూడా బాక్సరే, దవడ విరిగి ఆట పోయినవాడు. ఆయన నేర్పిన ఆట గొప్పదని నిరూపించడానికే మియాటా ఆడతాడు. పోటీ జరుగుతుంటే ఎవరు గెలవాలో తేల్చుకోలేక మనసు ఇటూ అటూ కొట్టుకుంటుంది.

సెండో, వోల్గ్ ఇద్దరూ జపాన్ టైటిల్ కోసం తలపడినప్పుడు న్యాయనిర్ణేతలు సెండోని గెలిచాడంటారు. ఆ తీర్పు సెండోకే నచ్చదు. గెలిచినవాడు సిగ్గుపడటం మరే సీరియల్లోనూ నేను చూడలేదు.

5) హీరో ఓడిపోతాడు

ఛాంపియన్ దాటే ఏజితో జరిగిన పోటీలో ఇప్పో ఓడిపోతాడు. అదే మొదటి ఓటమి. దాటే కూడా ఒకప్పుడు మెక్సికో వీరుడు రికార్డో మార్టినెజ్ చేతిలో ఓడి, ఆట వదిలేసి, ఉద్యోగం చేసుకుని, మళ్లీ వచ్చినవాడు. ఓడినవాళ్లు మళ్లీ ఎలా లేస్తారో చూపించడానికి ఈ సీజన్ చాలా సమయం ఇచ్చింది. యూనిట్ టెస్టులో తప్పి దుప్పటి కప్పుకుని పడుకున్న మనలాంటివాళ్లు ఆ భాగం తప్పకుండా చూడాలి.

మెచ్చుకోకూడనివి

1) సాగదీత

బాక్సింగ్‌లో ఒక రౌండు 3 నిమిషాలు, మధ్యలో ఒక నిమిషం విశ్రాంతి. జపాన్ టైటిల్ పోటీ 10 రౌండ్లు. అంటే మొత్తం ఆట 30 నిమిషాలే. ఇక్కడేమో ఒక్క పోటీ ఎపిసోడ్ల మీద ఎపిసోడ్లు నడుస్తుంది. గుద్దు గాల్లో ఉండగానే హీరో పాత సంగతులన్నీ తలుచుకుంటాడు. కింద కూర్చున్నవాళ్లు "ఇది ఫలానా దెబ్బ, దీన్ని ఇలా తప్పించుకోవాలి" అని ఉపన్యాసం ఇస్తారు. అంతసేపు ఆ పిడికిలి గాల్లోనే! నిలిచిపోయిన బొమ్మ మీద గీతలు గీసి వేగంగా పోతున్నట్టు చూపించడం కూడా చాలాచోట్ల కనిపిస్తుంది. 75 ఎపిసోడ్లని 60లో చెప్పేయొచ్చని నాకనిపించింది.

2) ఆడవాళ్లకి చోటు లేదు

ఇప్పో తల్లి మంచిది, కష్టపడుతుంది. మాషిబా చెల్లెలు కుమి మంచిది, రొట్టెల కొట్లో పని చేస్తుంది. అంతే. వాళ్లు ఎదురుచూడటానికి, కన్నీళ్లు పెట్టుకోవడానికి మాత్రమే ఉన్నారు. గ్లోవ్స్ తొడిగిన ఆడపిల్ల ఒక్కరూ లేరు.

"అప్పట్లో ఆడవాళ్లకి బాక్సింగ్ ఎక్కడుంది?" అని మీరు అడగవచ్చు. ఉంది! ఈ సీరియల్ టీవీలో వస్తుండగానే, 2001లో అమెరికాలో మొట్టమొదటి మహిళా ప్రపంచ బాక్సింగ్ పోటీలు జరిగాయి. అందులో 48 కిలోల తరగతిలో రజతం తెచ్చింది మన దేశపు మేరీ కోమ్. మణిపూర్‌లోని కోమ్ అనే గిరిజన తెగ ఆడపిల్ల. తర్వాత ఆరుసార్లు ప్రపంచ విజేత అయింది. 2012లో ఒలింపిక్స్‌లో మహిళలకి బాక్సింగ్ మొదటిసారి పెట్టినప్పుడు కాంస్యం తెచ్చింది. మన తెలుగు నేలమీద నిజామాబాద్‌నుంచి నిఖత్ జరీన్ 2022లోనూ, 2023లోనూ ప్రపంచ ఛాంపియన్ అయింది. కాబట్టి "ఇది మగపిల్లల సీరియల్" అని చెల్లెళ్లను టీవీ దగ్గరనుంచి లేపేసేవాళ్లు ఈ పేర్లు గుర్తుపెట్టుకోవాలి.

3) దెబ్బల గురించి అబద్ధం

ఇది అన్నిటికంటే ముఖ్యం. గడ్డానికి దెబ్బ తగిలితే మెదడు కదులుతుందని చెప్పింది ఈ సీరియలే. మళ్లీ ఆ దెబ్బలు లెక్కలేనన్ని తిన్న మనిషి లేచి నవ్వుతూ ఇంటికి పోతాడని చూపించింది కూడా ఇదే. ఎలా కుదురుతుంది?

నిజంలో అలా ఉండదు. బాక్సర్లలో మాట తడబడటం, నడక తూలడం, మతిమరుపు రావడం గురించి మార్ట్‌లాండ్ అనే అమెరికా డాక్టరు 1928లోనే రాశాడు. 1982 నవంబరులో దక్షిణ కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ ప్రపంచ టైటిల్ పోటీలో 14వ రౌండులో పడిపోయాడు. కొద్దిరోజులకే చనిపోయాడు. మెదడులో రక్తస్రావం. ఆ తర్వాతనే ప్రపంచ టైటిల్ పోటీల్ని 15 రౌండ్లనుంచి 12 రౌండ్లకి తగ్గించుకుంటూ వచ్చారు. పదంకెలు లెక్కపెట్టడం, రిఫరీ మధ్యలో ఆపడం, కోచ్ తువ్వాలు విసిరి పోటీ ఆపించడం, ఇవన్నీ పిరికితనం కాదు, ప్రాణం కాపాడే నియమాలు. సీరియల్లో మాత్రం ఆపబోయేవాళ్లు ఏదో తప్పు చేస్తున్నట్టు మనకి అనిపిస్తుంది.

దాటే ఏజి గుండె మీద గుద్ది ఎదుటివాడిని క్షణంసేపు బొమ్మలా నిలబెట్టేస్తాడు. చూడటానికి అద్భుతంగా ఉంటుంది. కానీ గుండె కొట్టుకునే లయలో ఒక ప్రమాదకరమైన క్షణం ఉంటుంది. సరిగ్గా ఆ క్షణంలో రొమ్ముమీద గట్టి దెబ్బ పడితే గుండె ఆగిపోవచ్చు. క్రికెట్ బంతిలాంటి గట్టి బంతి తగిలినా జరగవచ్చు. అందుకని దయచేసి ఎవరూ ఆ దెబ్బని వరండాలో ప్రయత్నించకండి. అక్కడ గ్లోవ్స్ లేవు, రిఫరీ లేడు, డాక్టరూ లేడు.

4) పెద్దవాళ్లు కొడితే జోకు

ఇది నాకు రెండోసారి చూసినప్పుడే తెలిసింది. స్కూల్లో ఉమెజావా ఇప్పోని కొడితే మనకి కోపం వస్తుంది. అది అన్యాయం అని సీరియలే చెబుతుంది. అదే జిమ్‌లో తకమురా తన తర్వాత చేరిన అవోకి, కిమురా, ఇప్పోలను చీటికీ మాటికీ మొట్టి, బూతు జోకులేసి, సిగ్గుతీస్తుంటే కామెడీ సంగీతం వేశారు. మనం నవ్వుతాం. నేనూ పడీ పడీ నవ్వాను. కొట్టడం రెండుచోట్లా ఒకటే కదా! కొట్టేవాడు మనకి ఇష్టమైనవాడు అయితే అది తమాషా, ఇష్టంలేనివాడు అయితే అన్యాయమా?

హాస్టల్లో కూడా ఇదే జరుగుతోంది. బయటి ఊరి పిల్లలు మనల్ని ఏదైనా అంటే ఊరంతా ఏకమైపోతాం. మన పదో తరగతి అన్న ఆరో తరగతి తమ్ముడిని మొడితే "ఊరికే ఆటకి సార్" అంటాం. ఆ తమ్ముడికి అది ఆటో కాదో ఎవరమూ అడగం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. కానీ తమ్ముడు "జారి పడ్డాను" అని చెప్పినప్పుడు ఏ చట్టం మాత్రం ఏం చేస్తుంది?

మణికట్టు వాచిన రోజు ఆ తమ్ముడి చుట్టూ నిలబడి "కొట్టు, కొట్టు" అని కేకలు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఈ వ్యాసం రాస్తూ ఆ మాట దాచిపెడితే మిగతాదంతా రాసి ఏం లాభం? వార్డెన్ సార్‌కి కూడా ఈ గోడ మీదనే చెప్పుకుంటున్నాను. తమ్ముడికి నిన్న విడిగా చెప్పాను. వాడు "పర్లేదన్నా" అన్నాడు. పర్లేదని వాడు అన్నాడు గానీ, నాకు అది పర్లేదు అనిపించలేదు.

మరి చూడాలా, వద్దా?

చూడండి. అయిదు మంచి విషయాలు చెప్పాను, నాలుగు చెడ్డవి చెప్పాను. అంకెల్లో చూస్తే మంచే గెలిచింది. కానీ తూకం వేస్తే మూడోది, నాలుగోది చాలా బరువు. ఈ సీరియల్‌కి బలం ఎలా సంపాదించాలో బాగా తెలుసు. దెబ్బ తిన్నవాడికి ఏమవుతుందో చెప్పడంలో మాత్రం నిర్లక్ష్యం. మొదటిది దాన్ని చూసి నేర్చుకోవాలి, రెండోది మనమే తెలుసుకోవాలి.

బలంగా ఉండటం అంటే ఏమిటి అని ఇప్పో అడిగిన ప్రశ్నకి 75 ఎపిసోడ్లు అయినా ఎవరూ ఒక్కమాటలో జవాబు చెప్పరు. కానీ ఒక విషయం గమనించండి. బాక్సింగ్ వచ్చేశాక ఇప్పో వెళ్లి ఉమెజావాని కొట్టడు. పగ తీర్చుకోవడానికి ఆ చేతుల్ని వాడడు. చివరికి ఆ ఉమెజావాయే వాడికి అభిమాని అయిపోతాడు. నాకు తోచిన జవాబు అక్కడ దొరికింది. కొట్టగలిగి కూడా కొట్టకుండా ఉండటమే బలం.

ఒక చిన్న మనవి. సరదా ఉన్నవాళ్లం చాలామందిమి ఉన్నాం కాబట్టి, పి.ఇ.టి. సార్ సాయంత్రం ఆటల గంటలో స్కిప్పింగ్, పరుగు, గార్డ్, అడుగులు వెయ్యడం నేర్పిస్తే బాగుంటుంది. ఒకళ్ల మీద ఒకళ్లం చెయ్యి చేసుకోకుండా, గడ్డి కుక్కిన గోనెసంచి ఒకటి వేపచెట్టుకి వేలాడదీస్తే చాలు. సంచిని ఎంత గుద్దినా దానికి మణికట్టు వాచదు. వార్డెన్ సార్, మేట్రన్ మేడమ్ గార్లు ఆలోచించగలరు. ఆడపిల్లల హాస్టల్‌కి కూడా ఒక సంచి కావాలి.

రాలే ఆకులు పట్టడం మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు, రేపటినుంచే మొదలుపెట్టవచ్చు. పది పట్టినవాళ్లు వచ్చే సంచికకి తమ పేరు ఇవ్వండి. ఆరో తరగతి తమ్ముళ్లకి మొదటి అవకాశం!